దూరపు కొండ, గొల్ల కొండ

తెలుగు నేల మీది ఒక ఊరి పేరు ఇంగ్లీషు నిఘంటువులో సామాన్య నామవాచకంగా స్థిరపడిందంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ పేరు గోల్కొండ. ఇంగ్లీషులో "ఎ గోల్కొండ" అంటే ఊరూ కాదు, కోటా కాదు. ఎంత తవ్వినా తరగని సిరుల గని. ఆ అర్థం నుంచే మరికాస్త విస్తరించి, అపారమైన సంపదకు మూలమైన దేనికైనా ఆ మాట చెల్లుతుంది. ఒక వ్యాపారం విపరీతంగా లాభించినా, ఒక గ్రంథాలయంలో అరుదైన పుస్తకాలు కుప్పలుగా దొరికినా దాన్ని "ఒక గోల్కొండ" అనవచ్చు. "వెల్త్ ఆఫ్ గోల్కొండ" అంటే లెక్కకందని ఐశ్వర్యం. నేటి మాటల్లో దీని వాడుక పలచబడింది గాని, పాత నవలలూ యాత్రాగ్రంథాలూ చదివేవారికి తరచుగానే తగులుతుంది.

వరంగల్లులో, హనుమకొండలో ఇంగ్లీషు నేర్పే చోట్లకు కొదవ లేదు. ఆ తరగతుల్లో వాడే పుస్తకాల వెనక జాతీయాల పట్టిక ఒకటి ఉండి తీరుతుంది. ఎడమ పక్క ఇంగ్లీషు పలుకుబడి, కుడి పక్క తెలుగు అర్థం. అలాంటి పట్టికలో గోల్కొండను చేరిస్తే ఎదురుగా "అంతులేని సంపద" అని రాస్తారు. పరీక్షకు అది చాలు. కానీ ఈ ఒక్క మాట విషయంలో, ముఖ్యంగా మనకు, ఆ కుడి పక్క అర్థం చాలదని నా అభిప్రాయం. పట్టిక అర్థాన్ని చెబుతుంది; ఆ అర్థం ఎవరి కంటితో చూసినదో చెప్పదు.

జాతీయం అన్న మాటలో జాతి ఉంది. ఇంగ్లీషు వారి "ఇడియమ్"కు మూలమైన గ్రీకు పదం "ఇడియోస్"కు తన సొంతమైనది అని అర్థం. రెండు భాషలూ ఒకే సంగతిని ఒప్పుకుంటున్నాయి: జాతీయమనేది దాన్ని పుట్టించినవారి సొంత సొమ్ము. అందులో వారి వంటిల్లు, వారి వాతావరణం, వారి బేరసారాలు ఉంటాయి. గోల్కొండ చిత్రం ఏమిటంటే, పేరు మనది, సొమ్ము వారిది. మన ఊరి పేరుకు వారు అర్థం కట్టారు. ఆ అర్థాన్ని ఇప్పుడు మనం రుసుము చెల్లించి మరీ నేర్చుకుంటున్నాం.

జాతీయాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారితో ఒక చిక్కుంది. కథ బాగుంటే చాలు, నిజమా అని ఎవరూ అడగరు. కుండపోత వానను ఇంగ్లీషువారు కుక్కలూ పిల్లులూ కురిశాయంటారు. దీనికి చెప్పే కథ ప్రసిద్ధం: వెనకటి పూరిళ్ళ కప్పుల మీద కుక్కలూ పిల్లులూ పడుకునేవట, పెద్దవాన పడితే జారి కింద పడేవట. 1999 ప్రాంతాల్లో ఈమెయిళ్ళలో చేతులు మారి ఈ కథ లోకమంతా తిరిగింది. దీనికి ఆధారం లేదని భాషాచరిత్రకారులు చెప్పినా కథ మాత్రం చావలేదు. గోల్కొండకు అలాంటి కల్పన అవసరం లేదు. దాని అసలు చరిత్ర ఏ కల్పనకూ తీసిపోదు.

మొదట పేరు చూద్దాం. గొల్లకొండ, అంటే పశువులూ గొర్రెలూ కాసుకునే గొల్లల కొండ, గోల్కొండ అయిందని జనశ్రుతి. ఇంగ్లీషులో అష్టైశ్వర్యాలకు పర్యాయపదమైన మాట తన పుట్టింట్లో ఒక కాపరి కొండ పేరన్నమాట. రెండో విశేషం ఇంకా పెద్దది. గోల్కొండలో వజ్రాల గని లేదు, ఎన్నడూ లేదు. గనులు ఎక్కడో దూరాన కృష్ణ ఒడ్డున కొల్లూరులో, పరిటాలలో, రాయలసీమలో ఉండేవి. గోల్కొండ వాటికి అంగడి. కోట పక్కనున్న కార్వాన్‌లో వజ్రాలను సానపట్టేవారు, బేరాలు సాగేవి. విదేశాల వర్తకుడు వచ్చేది అక్కడికి, కొనేది అక్కడ. అందుకే అతనికి వజ్రం పుట్టిల్లు గోల్కొండే.

వరంగల్లువారికి ఇది వెంటనే అర్థమయ్యే సంగతి. ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి కొనడానికి వచ్చిన పైరాష్ట్రపు వ్యాపారి తిరిగి వెళ్ళి వరంగల్ పత్తి అనే అంటాడు. ఆ పత్తి పండింది యార్డులో కాదు, చుట్టూ ఉన్న ఊళ్ళ నల్లరేగళ్ళలో. కాటా వేసిన చోటుకు పేరొస్తుంది, చెమట కారిన చోటుకు రాదు. ఇది ఎవరో చేసిన కుట్ర కాదు, బేరం చేసే కంటికి కనిపించేది అంతే. అయితే ఆ చూపే జాతీయంగా గడ్డకట్టి నిఘంటువులో చేరినప్పుడు మాత్రం, చదివేవాడు ఒక్కసారి ఆగి చూడాలి.

ఈ అలవాటు గోల్కొండతో మొదలైంది కాదు, ఓరుగల్లు నాటినుంచీ ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు దోచుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ వర్తకులకు ఇచ్చిన మాట అది. ఆ శతాబ్ది చివరలో మార్కో పోలో ఈ రాజ్యం గురించి రాశాడు. వితంతువైన ఒక రాణి దీన్ని ఎంతో న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవి అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కానీ అతను రాజ్యానికి చెప్పిన పేరు ఓరుగల్లు కాదు, "ముత్ఫిలి". అది మోటుపల్లికి వచ్చిన రూపం. ఓడ ఆగిన రేవు పేరే రాజ్యం పేరయింది, రాజధాని పేరు అతని పుస్తకంలోకి ఎక్కలేదు.

వజ్రాల గురించి మార్కో పోలో రెండు తరహాల మాటలు రాశాడు. కొండల మీద పెద్దవానలు కురిసి, వాగులు ఉరికి తగ్గాక, ఆ జాడల్లో జనం వజ్రాలు వెతుకుతారన్నాడు. ఇది అచ్చమైన నిజం. నేటికీ తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం సీమల్లో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం కళ్ళు చిట్లించుకుని నేలను వెతుకుతూ కనిపిస్తారు. ఆ వెంటనే, పాములు నిండిన లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు ఆ ముక్కలను పైకి తెస్తాయనీ రాశాడు. ఇది సింద్‌బాద్ కథల్లోనూ ఉన్న పాత కల్పన. లోకానికి నచ్చింది గద్దల కథే. వానలో తడిసిన మట్టిని వెతికే మనిషి కథ ఎవరికీ గుర్తులేదు.

ఇక గోల్కొండ కోట. అక్కడ తొలుత మట్టికోట కట్టింది కాకతీయులని చెప్పుకుంటారు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక, ఆ నగరాన్ని తిరిగి నిలబెట్టి పాలించిన ముసునూరి కాపయ నాయకుడు 1360లలో గోల్కొండను బహమనీ సుల్తానుకు వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కుతుబ్‌షాహీలు దాన్ని రాజధాని చేశారు, రాతికోటను పెంచారు. 16, 17 శతాబ్దాల్లో వజ్రాల బేరం ఉచ్చస్థితికి చేరింది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకున్నాడు, రాజ్యం పోయింది. తర్వాత గనులూ సన్నగిల్లాయి. వస్తువు పోయాక మాట మిగిలింది. ఇంగ్లండులో ఆ మాటకు ఎంత బలం ఉండేదో తెలియాలంటే థామస్ పిట్ కథ చాలు. మద్రాసు గవర్నరుగా ఉండగా అతను కొన్న మన నేల వజ్రం ఒకటి 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్ముడుపోయింది. అతనికి డైమండ్ పిట్ అనే పేరు మిగిలింది. అతని మనుమడూ మునిమనుమడూ బ్రిటన్ ప్రధానమంత్రులయ్యారు. గోల్కొండ అంటే సిరి అని ఆ దేశం అనుకోవడంలో వింత లేదు.

కానీ గని దగ్గర నిలబడి చూస్తే ఆ మాటకు అర్థం ఏమయ్యేది? దీనికి సాక్షి మన పక్షం మనిషి కాదు, బేరగాడే. ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే 17వ శతాబ్ది నడుమ ఈ గనులను స్వయంగా చూసి, 1676లో తన యాత్రాగ్రంథం అచ్చువేశాడు. కొల్లూరులో తాను మొదట చూసినప్పుడు దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు. మరో గని గురించి చెబుతూ, పనిలో ఆరితేరిన ఆ కూలీలకు కూడా ఏడాదికి దక్కేది మూడు వరహాలేనన్నాడు. కూలి అంత తక్కువ కాబట్టే వీలు చిక్కితే రాయి దాచుకోవడానికి వారు వెనకాడరన్నాడు. ఒంటి మీద బట్ట లేనంతగా ఉండే మనిషి ఎక్కడ దాచగలడు? మింగాలి. అందుకే ప్రతి 50 మందికీ 12 నుంచి 15 మంది కాపలాదారులు. ఒక కూలీ వజ్రాన్ని కంటి మూలన దాచుకున్నాడట, దొరికిపోయాడట. ఆ మనిషిని తావెర్నియేకు చూపించారు.

ఈ కంటి సంగతి చదివినప్పుడు వరంగల్లువారికి మరో కన్ను గుర్తు రాక మానదు. కోహినూరు వజ్రం ఒకప్పుడు మన భద్రకాళి అమ్మవారి కంట ఉండేదని ఈ ఊళ్ళో చిన్నప్పటినుంచీ వింటాం. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడికి తలవంచి ప్రతాపరుద్రుడు అపారమైన ధనరాశులు సమర్పించుకున్నది నిజం. అమీర్ ఖుస్రో ఆ కానుకలను వర్ణించాడు. అందులో కోహినూరు ఉందనడానికి మాత్రం ఆధారం లేదు. ఆ పేరుతో ఆ వజ్రం చరిత్రలో నిస్సందేహంగా కనిపించేది 1739లో నాదిర్‌షా ఢిల్లీని కొల్లగొట్టిన తర్వాతి పారశీక రచనల్లోనే. అమ్మవారి కంటిలోని వజ్రానికి ఆధారం లేదు, అందరికీ తెలుసు. కూలీ కంటిలోని వజ్రానికి కళ్ళారా చూసినవాడి రాత ఉంది, ఎవరూ చెప్పుకోరు. మనం సైతం మన గతాన్ని అంగడి వైపు నుంచే చూడటం ఎంతగా అలవాటు చేసుకున్నామో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ చూపు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఉపన్యాసాన్ని ప్రస్తావించాలి. అమెరికాలో టెంపుల్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన రస్సెల్ కాన్‌వెల్ "ఏకర్స్ ఆఫ్ డైమండ్స్" అనే ప్రసంగాన్ని ఆరు వేలసార్లకు పైగా చేశాడు. వ్యక్తిత్వ వికాస తరగతుల పుణ్యమా అని ఆ కథ తెలుగునాటా బాగానే తిరుగుతోంది. అలీ హఫీద్ అనే రైతు వజ్రాల కోసం పొలం అమ్ముకుని దేశాలు తిరిగి, చివరకు బార్సిలోనా తీరాన సముద్రంలో పడి చనిపోతాడు. అతను అమ్మిన పొలంలోనే వజ్రాలు బయటపడతాయి. గోల్కొండ గని అలా దొరికిందని ముక్తాయింపు. ఆ రైతు ఉండేది సింధునదికి దగ్గరలో, ప్రాచీన పర్షియాలోనట! గని లేని గోల్కొండకు ఒక గని వచ్చింది, ఆ గని పర్షియాకు వెళ్ళింది, గొల్లలు పోయి అలీ హఫీద్ వచ్చాడు. నీతి మంచిదే. పాతిపెట్టిన లంకెబిందెలు నీ ఇంటి కిందే ఉన్నాయి, చూసుకోమనడం మన పెద్దలూ చెప్పినదే. కానీ నీ పొలాన్ని నువ్వు తెలుసుకో అని బోధించే కథ, ఎవరి పొలమో తెలుసుకోకుండానే లోకమంతా తిరిగింది. దూరపు కొండలు నునుపు అన్న సామెతకు ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? ఈ కొండకు సామెత సరిగ్గా అతికింది.

అమెరికాలో ఆశ పుట్టిన చోటల్లా ఈ పేరు పెట్టుకున్నారు. నెవాడాలో ఒక గోల్కొండ, ఆరిజోనాలో ఇప్పుడు పాడుబడిన మరో గని ఊరు, ఇల్లినాయిలో ఒహాయో నది ఒడ్డున ఇంకొకటి. ఈ చివరి ఊరి మీదుగానే 1838-39 చలికాలంలో, సొంత నేల నుంచి ప్రభుత్వం తరిమేసిన చెరోకీ తెగవారు వేల సంఖ్యలో నది దాటి పడమటికి నడిచారు. సిరికి మారుపేరైన ఊళ్ళోంచి సర్వం పోగొట్టుకున్నవాళ్ళు వెళ్ళారు. మాట ఎంత దూరం వెళ్ళినా, దానికి తెలియకుండానే, వెనకటి చరిత్ర దాని నీడలా వెంట వస్తుందేమో అనిపిస్తుంది.

ఇంగ్లీషులోకి మననుంచి వెళ్ళిన మరో మాటను పక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. "బాండికూట్" మన పందికొక్కే. 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు ఈ తెలుగు మూలాన్ని స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఆస్ట్రేలియా చేరి అక్కడి వేరొక జంతువుకు పేరై, జాతీయాలను పుట్టించింది. అక్కడి వాడుకలో "టు బాండికూట్" అంటే పైన మొక్క చెక్కుచెదరకుండా కింద దుంపలు తవ్వి దొంగిలించడం. మనం ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మేశారంటాం. రెండు ఖండాల వారూ ఆ జీవిని ఒకే నేరానికి పట్టుకున్నారు. కారణం సులభం: ఇద్దరూ దాన్ని పొలంలో చూశారు. గోల్కొండను మాత్రం వారు అంగట్లో చూశారు. చూసిన చోటు వేరైతే మాట వేరవుతుంది.

ఇంగ్లీషు మాట్లాడటమే గగనమైన విద్యార్థికి ఇంత చరిత్ర ఎందుకు, అర్థం చెప్పి వదిలేయక అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి జాతీయానికీ వంశవృక్షం గీయాలని నేను అనడం లేదు. కుక్కలూ పిల్లులూ ఎందుకు కురిశాయో తెలియకపోయినా మన విద్యార్థికి నష్టం లేదు. కానీ తన నేల పేరు ఎదురైనప్పుడు కూడా దాన్ని పరాయిమాటలా బట్టీ పట్టడం నష్టమే. ఆ ఒక్క చోట ఆగి, ఈ అర్థం ఎవరు ఇచ్చారు, ఎక్కడ నిలబడి ఇచ్చారు అని అడగడం అలవడితే, ఆ అలవాటు మిగిలిన భాషంతటికీ పనికొస్తుంది. పైగా అలా గుర్తుపెట్టుకున్న మాట పట్టికలోని మాటలా పరీక్ష మర్నాడు ఎగిరిపోదు. మన ఘనతను చాటే మాటలో కూలీల గోడు ఎందుకు వెతకాలి, గర్వపడవచ్చు కదా అనేవారూ ఉంటారు. గర్వపడదాం. ఆ రాళ్ళను మట్టిలోంచి ఏరి తీసినవాళ్ళను చూసి కూడా గర్వపడదాం. వారి లెక్క వదిలేస్తే మన గర్వమూ కొనుగోలుదారుడి గర్వమే అవుతుంది.

పరాయివారు ఇచ్చిన అర్థంతోనే గోల్కొండ ఆగిపోలేదన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు పత్రిక పెట్టి దానికి గోలకొండ అనే పేరు పెట్టారు. తెలంగాణంలో తెలుగు కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. అందులో ఉన్నవారంతా గోల్కొండ కోట వాసులు కారు, ఊరూరి వాళ్ళు. అయినా ఈసారి పేరు అంగడిది కాదు, పండించినవారిది. ఒక్కొక్కరి పేరునా అచ్చయింది. నిఘంటువు ఎక్కకపోయినా, గోల్కొండకు తరగని గని అనే అర్థం నాకు అక్కడే సరిపోయినట్టు తోస్తుంది.

కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటి కింద ఉంది. వెళ్ళి చూడటానికి ఏమీ లేదు. అందుకే మాటలోనైనా దాన్ని నిలపాలి. ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లల పుస్తకంలో ఆ కుడి పక్క గడిని నన్ను నింపమంటే ఇలా రాస్తాను: గోల్కొండ, నామవాచకం. అంతులేని సంపద, కొన్నవారి లెక్కలో. తవ్వినవారి లెక్కలో, ఏడాదికి మూడు వరహాలు.